పాత లేత్ మోటారు జంక్షన్ బాక్స్ పగిలింది, ఏం చేయమంటారు?

లేత్_పాలకొల్లు

అందరికీ నమస్కారమండీ. పాలకొల్లులో మాది చిన్న లేత్ వర్క్‌షాపు. రైస్‌మిల్లు షాఫ్టులు, పడవ ఇంజన్ల బుష్‌లు, చెరువుల ఏరేటర్ల పని ఎక్కువగా వస్తుంటుంది. నాన్నగారి హయాం నుంచి ఉన్న బెల్టు లేత్ ఒకటుంది. దానికి 5 హెచ్.పి. త్రీ ఫేజ్ మోటారు. మొన్న చైన్‌బ్లాకు మీంచి షాఫ్టు దించుతుంటే అది ఊగి వచ్చి మోటారు పక్కనున్న జంక్షన్ బాక్స్‌కి తగిలింది. బీడు (పోత ఇనుము) బాక్సు కదా, ఒక మూల మొత్తం ఊడింది. మోటారు బాడీకి బిగించే నాలుగు చెవుల్లో రెండు విరిగాయి. మూత రెండు ముక్కలు.

లోపల హైలం (కరెంటు పాకని గట్టి అట్టలాంటిది) ప్లేటు మీద ఆరు స్టడ్డులున్నాయి. రెండు స్టడ్డుల మధ్య ప్లేటు నెర్రె విచ్చింది. మోటారులోంచి వచ్చే ఆరు లీడ్లకీ పైన నూలు అల్లిక, లోపల రబ్బరు. లగ్గు (వైరు కొసన ఉండే లోహపు రింగు) దగ్గర కొంచెం వంచితే రబ్బరు బిస్కెట్ పొడిలా రాలుతోంది. నేమ్‌ప్లేటు మీద 5 హెచ్.పి., 400/440 వోల్టులు, 50 సైకిళ్లు, 1430 ఆర్పీఎం, 7.5 ఆంపియర్లు అని చదవడానికి వస్తోంది. కనెక్షన్ అన్నచోట డెల్టా (మూడు వైండింగులనీ త్రికోణంలా కలిపే పద్ధతి) గుర్తు.

బేరింగులు సైలెంటుగా ఉన్నాయి, మోటారుకి ఏ వంకా లేదు. బాక్సు ముక్కలన్నీ దాచాను. ఎంసీల్ పెట్టి అతికించెయ్యమని ఒకరు, వెల్డింగు చేయించమని ఒకరు, రేకుతో కొత్త డబ్బా చేసుకోమని ఇంకొకరు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ప్రస్తుతానికి కటౌట్లు (ఫ్యూజులు) పీకేసి లేత్ ఆపేశాను.

రావులపాలెం_అరటి

మోటారే మార్చెయ్యండి బాబూ. పాతది ఇనుము కింద అమ్మితే కాస్త వస్తుంది. రాగి ఉంటుంది కాబట్టి ఇంకాస్త వస్తుంది. కొత్తది కరెంటు కూడా తక్కువ తింటుంది.

లేత్_పాలకొల్లు

అది ఆలోచించానండీ. ఇప్పుడొచ్చే 5 హెచ్.పి. నాలుగు పోల్ మోటారుకి షాఫ్టు 28 మిల్లీమీటర్లు, బేస్ నుంచి షాఫ్టు మధ్యకి ఎత్తు 112. మా పాతది ఒళ్లు పెద్దది, షాఫ్టు లావు, కాళ్ల బోల్టుల దూరం వేరు. మారిస్తే బెల్టు పుల్లీకి బుష్ వెయ్యాలి, కింద స్లైడ్ పట్టాలు మార్చాలి, ఎత్తు కోసం ప్యాకింగు పెట్టాలి. డబ్బా పగిలిందని ఇంత పనా? పైగా మోటారు బాగుంది కదా.

గ్యాస్‌వెల్డర్_తణుకు

ముక్కలు దాచారు కాబట్టి చెబుతున్నా. బీడు అతుకుతుంది, కానీ మామూలు రాడ్డుతో అతకదు. ఆర్క్ పెట్టగానే పక్కనే ఇంకో చీలిక లేస్తుంది. నికెల్ రాడ్డు పెట్టాలి, లేదా ఇత్తడి రాడ్డుతో గ్యాస్ బ్రేజింగ్ చెయ్యాలి. ఏది చేసినా ముందు మొత్తం ముక్కని వేడెక్కించాలి. అయ్యాక ఒక్కసారిగా చల్లారకుండా సున్నంలోనో ఇసుకలోనో కప్పిపెట్టాలి. అసలు చిక్కు అక్కడ కూడా కాదు. లేత్ పక్కన ఇన్నేళ్లు ఉన్న బీడు నూనె తాగేసి ఉంటుంది. వేడి తగలగానే రంధ్రాల్లోంచి నూనె ఉబికి వస్తుంది, ఇత్తడి పట్టదు. రెండు మూడు సార్లు కాల్చి, బ్రష్ కొట్టి, గ్రైండ్ చేస్తేగానీ లైనుకి రాదు. చెవులు విరిగాయంటున్నారు, అవి బరువు మోసే చోటు. నా దగ్గరికి వస్తే చేస్తాను గానీ, ఆ కూలికి కొత్త డబ్బాయే వస్తుందని ముందే చెబుతాను.

ఒక్కటి మాత్రం ఎవరు చేసినా గుర్తుపెట్టుకోండి. మోటారు మీద బాక్సు ఉండగా వెల్డింగు పెట్టనివ్వకండి. ఎర్త్ క్లాంపు ఎక్కడో బెడ్డుకి తగిలిస్తే ఆ కరెంటు బేరింగుల గుండా దారి చూసుకుంటుంది. బేరింగు బాల్స్ మీద చిన్న చిన్న మచ్చలు పడతాయి, ఆ తర్వాత గోల మొదలు.

కొత్తపేట_మెకానిక్

ఎంసీల్ చాలండి. నేను పంపుసెట్టు బాడీలకే పెట్టాను, ఏళ్లుగా నిలిచింది.

వైండింగ్_తాత

పంపుసెట్టు బాడీ వేరు, ఇది వేరు నాయనా. కారే నీళ్లని ఎంసీల్ ఆపుతుంది. ఇక్కడ ఆ చెవులు కేబుల్ బరువు, మోటారు అదురు రెండూ మొయ్యాలి. పైగా రేపు ఫేజ్ వైరు ఊడి డబ్బాకి తగిలితే ఆ కరెంటు బాడీలోకి, బాడీలోంచి ఎర్తులోకి పోయి ఫ్యూజు కొట్టాలి. మధ్యలో ఎంసీల్ అతుకుంటే డబ్బా ముక్కకీ బాడీకీ లంకె తెగిపోతుంది. ఫ్యూజు పోదు, డబ్బా మీద 240 వోల్టులు అలాగే కూర్చుంటాయి. చెయ్యి పెట్టినవాడి గతి ఆలోచించండి.

పాలకొల్లు బాబూ, నేను రామచంద్రపురంలో చాలా ఏళ్లు వైండింగ్ చేసి మానేశాను. ఇప్పుడు పిల్లలు చూసుకుంటున్నారు. నువ్వు డబ్బా గురించి అడిగావు గానీ నాకు దిగులు డబ్బా మీద కాదు, ఆ లీడ్ల మీద. డబ్బా ఎవడైనా చేస్తాడు. వంచితే రాలే రబ్బరుని కొత్త డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, జబ్బు కనపడకుండా కప్పెట్టినట్టే.

ముందు ఇది చెయ్యి. కటౌట్లు పీకావు, మంచిదే. వాటిని జేబులో పెట్టుకో, షెల్ఫు మీద పెట్టకు. పనివాడెవడో వచ్చి పెట్టేస్తాడు. స్టడ్డుల మీద టెస్టర్‌తో మూడు ఫేజులూ చూడు, తర్వాత మల్టీమీటరుతోనూ చూడు. టెస్టర్ బల్బు పోయినా వెలగదు కదా. అది అయ్యాక ఫోను తీసి లింకులు ఎలా ఉన్నాయో మూడు వైపుల నుంచీ ఫొటోలు తియ్యి. ఏ లీడు ఏ స్టడ్డు మీద ఉందో తెల్ల స్లీవు ముక్క మీద పెన్నుతో రాసి లీడుకి తొడుగు. కాయితం చుట్టి టేపు వెయ్యొద్దు, నూనె చెయ్యి తగలగానే చెరిగిపోతుంది.

పాత మోటార్ల మీద ఏ1, బీ1, సీ1 అనీ, ఏ2, బీ2, సీ2 అనీ ఉంటుంది. ఇప్పటివాటి మీద యూ, వీ, డబ్ల్యూ. లెక్క ఒకటే. పై వరస ఏ1, బీ1, సీ1. కింది వరస మాత్రం సీ2, ఏ2, బీ2. ఇలా ఒక గడి జరిపి పెట్టడంలోనే కిటుకుంది. నిలువు లింకులు మూడు వేస్తే ఏ1కి సీ2, బీ1కి ఏ2, సీ1కి బీ2 కలిసి డెల్టా అవుతుంది. కింది మూడింటినీ అడ్డంగా కలిపితే స్టార్. నీ ప్లేటు మీద నిలువు లింకులే ఉండాలి, చూసి చెప్పు.

లేత్_పాలకొల్లు

అవును తాతగారూ, మూడూ నిలువుగానే ఉన్నాయి. నల్లబడ్డాయి గానీ ఇత్తడి గట్టిగానే ఉంది. స్టడ్డుల దగ్గర అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి. రెండు లీడ్లు లగ్గు దగ్గర తెగి, ఇప్పటికే స్టడ్డుల నుంచి ఊడి ఉన్నాయి. వాటిలో ఏది ఎక్కడిదో ఖాయంగా చెప్పలేను.

కొత్తపేట_మెకానిక్

దానికేముంది, సీరీస్ బల్బు పెట్టి చూస్తే మూడు జతలు దొరికిపోతాయి. జతలు తెలిస్తే కలిపెయ్యడమే. ఆరు లీడ్లకి ఇంత హంగామా ఎందుకండీ.

కాకినాడ_ఈఈఈ

జతలు తెలిస్తే సగమే తెలిసినట్టు. ఒక్కో జతలో ఏది మొదలు, ఏది చివర అన్నది కూడా తెలియాలి. ఒక వైండింగు తలకిందులైతే మోటారు మూలుగుతుంది, వేగం అందుకోదు, కరెంటు విపరీతంగా లాగుతుంది. కరెంటు ఎక్కువైతే లైను తెంచే రిలే సమయానికి పడకపోతే వైండింగ్ మాడుతుంది. పాత ఇన్సులేషన్ ఆ వేడిని అసలు తట్టుకోదు.

కనిపెట్టడం సులువే. టార్చి లైటు సెల్ ఒకటి, ముల్లు ఉన్న పాత మీటరు ఒకటి చాలు. అంకెల మీటరు ఇక్కడ పనికిరాదు, ఆ క్షణకాలపు కదలిక అది పట్టుకునేలోపే పోతుంది. లింకులన్నీ తీసెయ్యండి. ఒక జతకి ముల్లు మీటరు తక్కువ డీసీ రేంజిలో తగిలించి, ఇంకో జతకి సెల్ ముట్టించండి. ముట్టించిన క్షణంలో ముల్లు ముందుకి కొడితే, సెల్ నెగిటివ్ తగిలిన కొస, మీటరు ఎర్ర వైరు తగిలిన కొస రెండూ ఒకే తెగ. రెండూ మొదళ్లయినా అయి ఉంటాయి, రెండూ చివర్లయినా అయి ఉంటాయి. వెనక్కి కొడితే మీటరు వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ చూడండి. సెల్ తీసేటప్పుడు ముల్లు ఎదురు దిక్కుకి కొడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ తీసే క్షణంలో కొసలు వేళ్లతో పట్టుకోకండి, చిన్న జర్కు కొడుతుంది.

ఖాయం చేసుకోవాలంటే 24 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో ఇంకో పరీక్ష ఉంది. రెండు వైండింగులని వరసగా కలిపి ఆ 24 వోల్టులు ఇవ్వండి, మూడో వైండింగు మీద ఏసీ వోల్టులు చూడండి. ఒకదాని చివర రెండోదాని మొదలుకి కలిసి ఉంటే మూడోదాని మీద కొన్ని వోల్టులు కనిపిస్తాయి. చివరా చివరా కలిసిపోతే దాదాపు సున్నా. రెండు పరీక్షలూ ఒకే మాట చెబితే ఇక అనుమానం లేదు.

ఇంకో మాట. లింకులు తీసి ఉన్నప్పుడే మూడు జతల ఓమ్స్ కొలిచి రాసుకోండి. మూడూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువ చూపిస్తే ఆ లీడు లోపల ఎక్కడో పోగులు తెగాయని అర్థం.

కొత్తపేట_మెకానిక్

సరేనండి, పుస్తకం చదివినవాళ్లు చెబితే కాదంటానా. మా గురువుగారు మాత్రం కలిపి చూసి, మూలిగితే ఒకటి తిప్పేసేవారు.

వైండింగ్_తాత

మీ గురువుగారు మూలిగించిన మోటార్లన్నీ తర్వాత మా షాపుకే వచ్చేవి బాబూ. మాకు అన్నం పెట్టారు, వారికి దణ్ణం.

భీమవరం_చెరువు

నాకు ఆక్వా చెరువులున్నాయి. ఏరేటర్ల మీద 2 హెచ్.పి. మోటార్లు రాత్రింబవళ్లు నీళ్లు చిమ్ముకుంటూ తిరుగుతాయి. వాటి డబ్బాలు తెరిచినంతగా ఎవరూ తెరిచి ఉండరేమో. మా అనుభవంలో కేబుల్ పైనుంచి దింపిన డబ్బాలే ముందు పోతాయి. నీరు కేబుల్ వెంబడి జారి నేరుగా లోపలికి వస్తుంది. కేబుల్ కింది నుంచి రావాలి. డబ్బాలోకి ఎక్కే ముందు కాస్త వంపు తిరిగి కిందికి వేలాడాలి. అప్పుడు నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది.

మీది వర్క్‌షాపు, నీళ్లు పడవు అనుకోకండి. గోదావరి జిల్లాల గాలి సంగతి మీకు తెలుసు. పగలు వేడెక్కి రాత్రి చల్లారితే మూత లోపలి వైపు చెమట పడుతుంది. డబ్బాలో అన్నిటికంటే కింది మూలన నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేస్తే ఆ తడి కారిపోతుంది. పూర్తిగా మూసేస్తే బాగుంటుందనిపిస్తుంది గానీ, తడి లోపలే ఉండిపోయి స్టడ్డులు పచ్చగా చిలుముపడతాయి. బిగించాక నట్ల మీద వేసలిన్ పల్చగా రాస్తాం మేము.

ప్లాస్టిక్ డబ్బాలు కూడా దొరుకుతున్నాయి, మా చెరువుల మీద అవే వాడుతున్నాం. ఉప్పు పట్టదు.

గ్యాస్‌వెల్డర్_తణుకు

చెరువు మీద ప్లాస్టిక్ సరే. లేత్ పక్కన మాత్రం వద్దు. చక్ (పని ముక్కని పట్టి తిప్పేది) నుంచి ఎర్రగా కాలిన చుట్టలు ఎగిరొచ్చి మూత మీద కరుచుకుంటాయి. నేను కళ్లారా చూశాను, మూతకి చిల్లు పడి ఇనప చుట్ట సగం లోపలికి దిగి ఉంది. ఇంకొంచెం దిగితే రెండు స్టడ్డులకీ అడ్డంగా పడేది.

అంబాజీపేట_పీచు

మాది కొబ్బరి పీచు యూనిట్. దుమ్ము గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూత కింద సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టేస్తుంటారు చాలామంది. మా మెషీన్ల దగ్గర నూనె ఉండదు కాబట్టి నడుస్తుంది. లేత్ నూనె తగిలితే మాత్రం అది ఉబ్బి, మెత్తబడి జారిపోతుంది. కార్కు షీటు వెయ్యండి, లేదంటే నూనె తట్టుకునే నైట్రైల్ రబ్బరు షీటు అడగండి.

పొలాల మోటారు మీద ఇదే పని చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆటో స్టార్టర్ ఉందేమో ముందు చూసుకోండి. సప్లై లేదు కదా అని డబ్బా విప్పుతాం. లైను వచ్చిన మరుక్షణం అదే స్టార్ట్ చేసేస్తుంది. సప్లై లేకపోవడం, సప్లై తెంచెయ్యడం ఒకటి కాదు. మెయిన్ దించి, కటౌట్లు తీసి అప్పుడు చెయ్యి పెట్టండి.

లేత్_పాలకొల్లు

అందరికీ ధన్యవాదాలండీ. ఇప్పటిదాకా జరిగింది చెబుతాను.

కాకినాడ గారు చెప్పినట్టు సెల్‌తో చూశాను. ముల్లు మీటరు పక్కింటి రేడియో రిపేరు తాతగారి దగ్గర దొరికింది. మూడు జతలూ, మొదళ్లూ చివర్లూ తేలాయి. ట్రాన్స్‌ఫార్మరు పరీక్ష కూడా అదే చెప్పింది. ఓమ్స్ మూడూ దగ్గర దగ్గరే ఉన్నాయి.

మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెప్పించి 500 వోల్టులతో బాడీకీ వైండింగుకీ మధ్య చూస్తే 0.8 మెగాఓమ్స్. వైండింగుల మధ్య ఇంకాస్త నయం. ఇది తక్కువా? మోటారు పోయినట్టా?

వైండింగ్_తాత

పోలేదు, తడిసింది. ఈ వానల్లో మూత లేకుండా పడుంటే అంతే చూపిస్తుంది. ఒక మెగాఓమ్ దాటకుండా లైను ఇవ్వొద్దు. రెండు వైపులా ఎండ్ కవర్లు తీసి, రోటరు జాగ్రత్తగా లాగేసి, లోపల 100 వాట్ల పాత బల్బు ఒకటి వేలాడదీసి రాత్రంతా వెలగనీ. బల్బు వైండింగుకి ఆనకూడదు. పైన రేకు కప్పు, గోనెసంచి కప్పకు. అగ్గి అంటుకుంటుంది. తడి ఆవిరి పోవడానికి సందు ఉంచు. మొదట్లో మెగ్గర్ ఇంకా తగ్గుతుంది, కంగారు పడకు. వేడికి తడి కదిలి అలా చూపిస్తుంది. ఆ తర్వాత మెల్లగా ఎక్కుతుంది. ఎక్కడం ఆగిపోయి ఒకచోట నిలిచిందంటే ఆరినట్టు.

ఎండ్ కవర్లు ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి లీడ్ల పని ఇప్పుడే కానిచ్చెయ్. వైండింగు తలకట్టు దగ్గర నూలు తాడు విప్పితే, లీడు రాగి తీగకి అతికిన చోటు కనపడుతుంది. అక్కడ కోసి కొత్త లీడు అతకాలి. ఇంటి వైరింగుకి వాడే పీవీసీ వైరు వెయ్యొద్దు. అది 70 డిగ్రీలకి మించి తట్టుకోదు, మోటారు లోపల వేడి దానికన్నా ఎక్కువే ఉంటుంది. వైండింగ్ షాపులో సిలికాన్ లీడు వైరు అడుగు, 2.5 చదరపు మిల్లీమీటర్లది నీ మోటారుకి సరిపోతుంది. ఎనామిల్ బాగా గీకి, మెలేసి, టంకం వేసి, పైన వార్నిష్ గ్లాసు స్లీవు తొడిగి, నూలు టేపుతో తలకట్టుకి కట్టి, వార్నిష్ పూసి మళ్లీ ఆరబెట్టాలి. కట్టడంలో బద్ధకించకు. లీడు వదులుగా ఉంటే అదురుకి రాసుకుని రోటరుకి తగులుతుంది.

చెయ్యి తిరక్కపోతే ఈ ఒక్క పని దగ్గర్లోని వైండరుకి ఇచ్చెయ్యి. పరువు తక్కువేం కాదు.

రావులపాలెం_అరటి

ఇంత పనా! నేను ముందే చెప్పాను, కొత్త మోటారు కొనమని.

లేత్_పాలకొల్లు

ఆయ్, మీరు చెప్పారండీ. కానీ ఆగను.

లీడ్ల పని నరసాపురం వైపు ఒక వైండరుకి ఇచ్చాను, ఆయన షాపులోనే కూర్చుని చూశాను. పాత లీడు కోసి చూపించారు. లోపల రాగి కూడా నల్లబడి ఉంది. మోటారు తిరిగొచ్చాక మెగ్గర్ పెడితే 20 మెగాఓమ్స్ పైనే ఉంది.

ఇప్పుడు డబ్బా సంగతి. రాజమండ్రిలో పాత ఇనుము షాపులో కాలిపోయిన 7.5 హెచ్.పి. మోటారు ఒకటి దొరికింది. దాని జంక్షన్ బాక్స్ మూతతో సహా చెక్కుచెదరలేదు. కానీ నాలుగు రంధ్రాల దూరం మా మోటారుకి కలవదు. 6 మిల్లీమీటర్ల ప్లేటుతో మధ్యలో అడాప్టర్ వెయ్యాలనుకుంటున్నాను. రంధ్రాల దూరం ఖచ్చితంగా తీసుకోవడం ఎలా? పాత చెవుల్లో రెండు లేవు కదా.

గ్యాస్‌వెల్డర్_తణుకు

పాత బాక్సుతో మీకేం పని? మోటారు బాడీ మీద పెట్టండి అట్ట. నాలుగు రంధ్రాల చుట్టూ గ్రీజు వేలితో రాసి, మందపాటి అట్ట ఆనించి గట్టిగా నొక్కండి. రింగులు దిగుతాయి, వాటి మధ్యన పంచ్ కొట్టుకోండి. లేత్ వాళ్లకి నేను చెప్పాలా! ప్లేటు మధ్యలో లీడ్లు వచ్చే రంధ్రం అంచుకి నున్నగా చాంఫర్ కొట్టండి, రబ్బరు గ్రోమెట్ పెట్టండి.

బాడీ మీది మరలు ఒకసారి చూసుకోండి. ఆ కాలం మోటారైతే పావంగుళం విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు అంగుళాల మర) అయి ఉండొచ్చు. అందులో ఎం6 స్క్రూ మొదట లూజుగా దిగుతుంది, దిగింది కదా అని బిగిస్తే మరలు ఒలిచేస్తుంది. పావంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 మరలు. గేజి పెట్టి చూడండి.

లేత్_పాలకొల్లు

విట్‌వర్తేనండీ. మూడు రంధ్రాలు బాగున్నాయి, వాటికి పావంగుళం కౌంటర్‌సంక్ స్క్రూలు దొరికాయి. నాలుగో దాన్లో ఎవరో ఎప్పుడో ఎం6 పొడిచినట్టున్నారు, మర లేదు. దాన్ని ఎం8కి ట్యాప్ కొట్టాను. బీడు కాబట్టి పొడిగానే కొట్టాను, పొడి రాలిపోతూ బాగా తెగింది. ఆ పొడి వైండింగు మీద పడకుండా ముందే లీడ్ల రంధ్రంలో గుడ్డ కుక్కాను.

కాకినాడ_ఈఈఈ

మంచి పని. ఇప్పుడు ఎర్త్ గురించి. మీ అడాప్టర్ ప్లేటుకీ బాడీకీ మధ్య, ప్లేటుకీ బాక్సుకీ మధ్య పెయింటు ఉంటే గీకెయ్యండి. స్క్రూల కింద స్టార్ వాషర్లు వెయ్యండి. కౌంటర్‌సంక్ స్క్రూల దగ్గర అవి కుదరవు కాబట్టి బాక్సు లోపలి ఎర్త్ స్క్రూ నుంచి బాడీ ఎర్త్ బోల్టుకి విడిగా ఒక రాగి తీగ వెయ్యడమే మేలు. మల్టీమీటరుతో చూస్తే బాక్సు నుంచి బాడీకి దాదాపు సున్నా ఓమ్స్ రావాలి.

మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఉన్నాయా? 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఆ మాట ఉంది. ఒకటి తెగినా రెండోది కాపాడాలని. మన దగ్గర నేల తడి కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, కానీ తీరం దగ్గర ఉప్పు నేల జీఐ పైపుని తినేస్తుంది. పైన బాగానే కనపడుతుంది, జానెడు లోతున తవ్వితే పైపు ఉండదు.

లేత్_పాలకొల్లు

ఒకటే ఉంది. రెండోది వేయిస్తున్నాను.

వైండింగ్_తాత

హైలం ప్లేటు ఏం చేశావు? నెర్రె విచ్చినదాన్ని మళ్లీ వెయ్యలేదు కదా. కొంతమంది టేకు చెక్క కోసి స్టడ్డులు బిగిస్తారు. చెక్క తడి పీలుస్తుంది, ఆ తడి దారిలో కరెంటు పాకి బొగ్గు గీత పడుతుంది. రెడీమేడ్ ఆరు స్టడ్డుల టెర్మినల్ ప్లేట్లు దొరుకుతున్నాయి, ఎం5 స్టడ్డులవి తెచ్చుకో.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. స్టడ్డు మీద ముందు మోటారు లీడు లగ్గు, దాని మీద నట్టు. ఆ నట్టు మీద లింకు, లింకు మీద నేరుగా కేబుల్ లగ్గు. ఆ పైన వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. లింకుకీ లగ్గుకీ మధ్య ఇనప వాషరు దూర్చకు. కరెంటు దాని గుండా పోవాల్సి వచ్చి వేడెక్కుతుంది, నట్టు వదులవుతుంది, ఒక ఫేజ్ పోతుంది. మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు ఈడ్చుకుంటూ తిరిగి కాలిపోతుంది. మా షాపుకొచ్చిన మోటార్లలో ఈ బాపతువే ఎక్కువ.

పై నట్టు బిగించేటప్పుడు కింది నట్టుని ఇంకో స్పానర్‌తో పట్టుకో. లేకపోతే స్టడ్డు మొత్తం తిరిగి కొత్త ప్లేటు కూడా చిట్లుతుంది. నీ పాత ప్లేటు నెర్రె కూడా షాఫ్టు దెబ్బకి పడిందో, ఎవడో ఒంటి స్పానర్‌తో బిగించడం వల్ల పడిందో! స్టడ్డు కొసకీ డబ్బా గోడకీ కనీసం 10 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచు. తక్కువైతే గోడకి లెదరాయిడ్ పేపరు (కరెంటు దాటనివ్వని మందపు కాయితం) అంటించు.

లేత్_పాలకొల్లు

కొత్త ప్లేటే వేశాను తాతగారూ. మూత వైపు 14 మిల్లీమీటర్లు, పక్కల 12 ఖాళీ వచ్చింది. బాక్సు తిప్పి, మూత చక్ వైపు కాకుండా గోడ వైపు ఉండేలా పెట్టాను. కేబుల్ కింది నుంచే.

బెల్టు ఎక్కించకుండా ఉత్త మోటారు తిప్పి చూశాను. క్లాంప్ మీటరులో మూడు ఫేజులూ 3.2, 3.3, 3.2 ఆంపియర్లు. శబ్దం లేదు. కానీ ఎదురు తిరుగుతోంది.

కాకినాడ_ఈఈఈ

బెల్టు ఎక్కించకుండా చూడటమే మంచిదైంది. మీది పాత లేత్ కాబట్టి చక్ మరల మీద ఎక్కేదే అయి ఉంటుంది. ఎదురు దిక్కుకి తిరగడం మొదలెడితే చక్ దానంతటదే విప్పుకుని ఊడి రావచ్చు. సప్లై వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చండి. మోటారు లీడ్లు, లింకులు ముట్టుకోకండి.

లేత్_పాలకొల్లు

మార్చాను, సరైన దిక్కుకే తిరుగుతోంది. చక్ మరల మీదదేనండీ, మీరు భలే చెప్పారు. బెల్టు ఎక్కించి రైస్‌మిల్లు షాఫ్టు ఒకటి టర్నింగ్ చేశాను. లోడు మీద 5.8 దాటలేదు. పూట గడిచాక కటౌట్లు తీసి డబ్బా తెరిచి స్టడ్డులు చేత్తో చూశాను, ఆరూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. రిలే 7.5 దగ్గర పెట్టాను. రెండో ఎర్త్ కూడా అయింది. ఫొటో పెడుతున్నాను.

గ్యాస్‌వెల్డర్_తణుకు

ఫొటో బాగుంది. ప్లేటు నీటుగా కుదిరింది. స్క్రూ తలలు ప్లేటులో మునిగాయా?

లేత్_పాలకొల్లు

మునిగాయండీ. ఎం8ది మాత్రం తల పెద్దది, లేత్ మీద కొంచెం పల్చన చేసి పెట్టాను.

భీమవరం_చెరువు

ఆ పాత ఇనుము షాపులో అలాంటి డబ్బాలు ఇంకా ఉన్నాయా? 2 హెచ్.పి.వి కావాలి నాకు, ఓ పది.

లేత్_పాలకొల్లు

చిన్నవి కుప్పగా పడి ఉన్నాయండీ, మూతలు మాత్రం వెతుక్కోవాలి. ఎప్పుడెళ్తారో చెప్పండి, నేనూ వస్తాను. పాత బీడు ముక్కలు అమ్మేది ఉంది.